ఆ ఇంట్లోనే కాక్‌టెయిల్‌ పార్టీ పుట్టింది!

అమెరికాలోని సెయింట్‌లూయిస్‌ నగరం. లిండెల్‌ బులవార్డ్‌ అనే వెడల్పాటి రోడ్డు. దాని మీద ఆకుపచ్చ పెంకుల గుమ్మటంతో కెథెడ్రల్‌ బసిలికా. లోపలికెళ్లి తల పైకెత్తినవాళ్లకు ఓ పట్టాన దించబుద్ధికాదు. గోడలూ, కమానులూ, పైకప్పూ... అంతా రంగురంగుల గాజుముక్కలే. ఒకటీ రెండూ కాదు, 4 కోట్ల 15 లక్షల ముక్కలు! 1912లో అతకడం మొదలుపెడితే 1988కి గానీ పూర్తికాలేదు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు అమ్మానాన్నలకు ఈ ఊరు కొత్తేం కాదు. పశ్చిమ శివారైన బాల్విన్‌లో హిందూ దేవాలయం ఉంది. వచ్చినవాళ్లకు 630 అడుగుల గేట్‌వే ఆర్చ్‌, ఫారెస్ట్‌ పార్కులోని జంతుప్రదర్శనశాల, ఈ బసిలికా చూపించడం అక్కడివాళ్లకు మామూలే. బసిలికా చూశాక అందరూ కారెక్కేస్తారు. ఎక్కకుండా అదే రోడ్డులో కొద్దిదూరం నడిస్తే 4510 నెంబరు ఇల్లు వస్తుంది. అది మ్యూజియం కాదు, రోడ్డు మీద నిలబడి చూడాల్సిందే. చర్చి పెద్దలు నివాసమున్న ఆ భవనమే ప్రపంచంలో మొట్టమొదటి కాక్‌టెయిల్‌ పార్టీకి వేదిక అంటే నమ్మడం కాస్త కష్టమే!

ఒక్క గంట... యాభై మంది

1917 వసంతకాలం. అప్పట్లో ఆ ఇల్లు జూలియస్‌ వాల్ష్‌ అనే సంపన్నుడిది. ఆయన భార్య క్లారా బెల్‌ వాల్ష్‌ది కెంటకీ రాష్ట్రం. గుర్రపుస్వారీలో దిట్ట. కొత్త కొత్త విందులివ్వడమంటే మహా సరదా. ఓసారి అతిథులంతా చిన్నపిల్లల వేషాల్లో రావాలని షరతు పెట్టి, పాలసీసాల్లో పానీయాలు పోయించిందట! అలాంటావిడ ఓ ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి రమ్మని యాభై మందికి కబురుపెట్టింది. ఒంటిగంట దాకా కాక్‌టెయిల్స్‌. ఆ తర్వాత భోజనం. అంతే కార్యక్రమం. చర్చి నుంచి అటే వచ్చినవాళ్లు కొందరు, కార్లలో షికారు తిరిగొచ్చినవాళ్లు కొందరు. వింత ఎంతగా పాకిందంటే, ఎక్కడో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్‌పాల్‌ పత్రిక కూడా దీని గురించి రాసింది.

ఇందులో అంత విశేషం ఏముందని ఇప్పుడు అనిపించవచ్చు. అప్పటి సంగతి వేరు. బారు అంటే మగవాళ్లది. పరువుగల ఆడవాళ్లు ఆ గుమ్మం తొక్కేవారు కాదు. ఇళ్లలో భోజనంతోపాటు వైనుండేది. కాక్‌టెయిల్‌ మాత్రం క్లబ్బుల్లో, హోటళ్లలో మాత్రమే దొరికే సరుకు. క్లారా దాన్ని ఇంటికి తెచ్చింది. ఆడామగా ఒకేచోట నిలబడి, గ్లాసు పట్టుకుని కబుర్లు చెప్పుకునే పద్ధతి అలా మొదలైంది. కొన్నేళ్ల తర్వాత లండన్‌లో రచయిత అలెక్‌ వా టీకని పిలిచిన స్నేహితుల చేతుల్లో కాక్‌టెయిల్‌ గ్లాసులు పెట్టి, కాక్‌టెయిల్‌ పార్టీని కనిపెట్టింది తానేనని చెప్పుకున్నాడు. పాపం, ఆలస్యమైపోయింది!

ఇంట్లో బారు పెట్టడమంటే నాలుగు సీసాలు అల్మరాలో సర్దడం అనుకుంటే పొరపాటే. ముందు కావాల్సింది ఐసు. ఆరోజుల్లో ఇళ్లలో కరెంటు ఫ్రిజ్‌లు లేవు. బండి మీద వచ్చిన ఐసుగడ్డను దించుకోవాలి. సూదిలాంటి పనిముట్టుతో చీల్చాలి. పొడి ఐసు కావాలంటే ముక్కలు గుడ్డసంచిలో పోసి కొయ్యసుత్తితో కొట్టాలి. తర్వాత కొలత. చిన్న కొలపాత్రతో ప్రతి పానీయాన్నీ లెక్కగా పోయాలి. ఏ ఒక్కటి ఎక్కువైనా రుచి పాడవుతుంది. ఆనాడు ఫ్యాషన్‌గా ఉన్న బ్రాంక్స్‌నే తీసుకుంటే జిన్ను, రెండు రకాల వెర్మూత్‌, నారింజరసం కలిపి ఐసుతో షేకర్‌లో గిలకొట్టాలి. క్లోవర్‌లీఫ్‌కైతే నిమ్మరసం, గుడ్డులోని తెల్లసొన, ఎర్రటి దానిమ్మ సిరప్‌. తెల్లసొన నురుగు తేలాలంటే చేయి నొప్పిపుట్టేలా ఊపాలి.

ఓ చిన్న లెక్క. యాభై మంది. మనిషికి రెండేసి గ్లాసులు వేసుకున్నా వంద. చేతిలో ఉన్నది గంట. అంటే 36 సెకన్లకో గ్లాసు తయారవ్వాలి. అదీ అందరూ ఒకే రకం అడగరు కదా! మరి ఇంత పనీ చేసిందెవరు?

తెల్లకోటు మనిషి

క్లారా ఇంట్లో ప్రత్యేకంగా ఓ బారుంది. దాని వెనక తెల్లకోటు వేసుకున్న ఓ నిపుణుడు నిలబడి, ఎవరేం అడిగితే అది కలిపిచ్చాడు. పార్టీ వార్తలో ఇంటావిడ పేరుంది, ఆయన పేరు లేదు. పెళ్లి భోజనం అదిరిందంటే మెచ్చుకునేది పెళ్లివారిని. వంటమేస్త్రీ ఎవరని అడిగేవాళ్లెందరు? ఇదీ అంతే.

అయితే అదే ఊళ్లో, అదే ఏడాది అలాంటి తెల్లకోటు మనిషి ఒకరు తన పేరును అట్ట మీద అచ్చేయించుకున్నారు. ఆయనే టామ్‌ బుల్లక్‌. పుస్తకం పేరు ‘ది ఐడియల్‌ బార్టెండర్‌’. కాక్‌టెయిల్స్‌ మీద నల్లజాతీయుడు రాసిన తొలి అమెరికన్‌ పుస్తకంగా దానికి గుర్తింపు ఉంది.

బుల్లక్‌ కూడా కెంటకీవాడే. 1872లో లూయీవిల్‌లో పుట్టాడు. అమెరికాలో బానిసత్వం రద్దయి అప్పటికి ఏడేళ్లు. అక్కడి పెండెన్నిస్‌ క్లబ్బులో పనిచేసి, తర్వాత సెయింట్‌లూయిస్‌ కంట్రీ క్లబ్బుకు వచ్చాడు. అది తెల్లజాతి సంపన్నుల క్లబ్బు. సభ్యుడిగా అడుగుపెట్టలేని చోట ఆయన చేతి పానీయం కోసం సభ్యులు ఎదురుచూసేవారు. పుస్తకానికి ముందుమాట రాసింది జార్జ్‌ హెర్బర్ట్‌ వాకర్‌. ఆయన ఒక బుష్‌కు తాత, ఇంకో బుష్‌కు ముత్తాత. ఇద్దరూ అధ్యక్షులే!

అధ్యక్షుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో కథా చెప్పుకోవాలి. మాజీ అధ్యక్షుడు థియోడర్‌ రూజ్వెల్ట్‌ తాగుబోతని 1912లో మిషిగన్‌లోని ఓ పత్రిక రాసింది. ఆయన పరువునష్టం దావా వేశాడు. 1913 మేలో మార్క్వెట్‌ ఊళ్లో విచారణ. బోనెక్కిన రూజ్వెల్ట్‌ తన తాగుడు చరిత్రంతా లెక్క చెబుతూ, సెయింట్‌లూయిస్‌ కంట్రీ క్లబ్బులో మింట్‌ జులెప్‌ ఇస్తే రెండు మూడు గుక్కలు చప్పరించి వదిలేశానన్నాడు. సెయింట్‌లూయిస్‌ ‘పోస్ట్‌ డిస్పాచ్‌’ ఇది చూసి ఊరుకోలేదు. మిగతాదంతా నమ్ముతాం గానీ, టామ్‌ కలిపిన జులెప్‌ను పూర్తిగా తాగకుండా వదిలేశానంటే ఎలా నమ్మడమని సంపాదకీయంలోనే చమత్కరించింది. కేసు రూజ్వెల్టే గెలిచాడు. పరిహారం ఆరు సెంట్లు! టామ్‌కు మాత్రం అంతకన్నా మంచి యోగ్యతాపత్రం ఇంకెవరూ ఇవ్వలేరు.

తలుపు మూసుకుంటే తప్పులేదు

పుస్తకం వచ్చింది 1917లో. 1920 జనవరి 17 నుంచి దేశమంతా మద్యనిషేధం. తన విద్యంతా పుస్తకంలో పెట్టిన మూడేళ్లకే ఆ విద్య నేరమైపోయింది. బార్లు మూతపడ్డాయి, బార్టెండర్లు వీధిన పడ్డారు.

క్లారా మొదలెట్టిన పద్ధతికి మాత్రం ఆ చట్టమే ఊపిరి పోసింది. చిత్రమేమిటంటే తయారీ, అమ్మకం, రవాణా నేరం. తాగడం నేరం కాదు. నిషేధానికి ముందే కొని ఇంట్లో పెట్టుకున్న సరుకును ఇంటివాళ్లు తాగవచ్చు, వచ్చిన అతిథులకూ పోయవచ్చు. ఇంకేం, డబ్బున్నవాళ్లు ముందే నేలమాళిగలు నింపుకున్నారు. లేనివాళ్లు దొంగసారాను నారింజరసం, తేనె, నిమ్మరసంతో కప్పిపెట్టి మింగారు. 1995లో ఎన్టీఆర్‌ పెట్టిన మద్యనిషేధాన్ని, 1997లో దాన్ని ఎత్తేయడాన్ని చూసిన ఆంధ్రులకు ఈ మతలబులు వేరే చెప్పాలా! షేకర్లూ గ్లాసులూ మాత్రం చట్టానికి చిక్కని వస్తువులు. అవి దర్జాగా డ్రాయింగ్‌రూముల్లోకొచ్చి కూర్చున్నాయి.

ఆ రోజుల గుర్తు చూడాలంటే నగరం దక్షిణాన సౌలార్డ్‌ ప్రాంతంలోని ఆన్‌హైజర్‌ బుష్‌ బీరు కర్మాగారానికి వెళ్లాలి. ఎర్ర ఇటుకల భవనాలు, బండిలాగే భారీ క్లైడ్స్‌డేల్‌ గుర్రాలు అక్కడి ఆకర్షణ. నిషేధకాలంలో ఈ కంపెనీ ఐస్‌క్రీమ్‌, రొట్టెల ఈస్టు, మాల్ట్‌ సిరప్‌ అమ్మి బతికింది. ఆ సిరప్‌ కొన్న గృహిణులంతా రొట్టెలే చేశారా అన్నది వేరే సంగతి. 1933 డిసెంబరు 5న నిషేధం పూర్తిగా ముగిసింది.

ఇక లిండెల్‌ ఇంటి విషయం. 1924లో ఆ భవనాన్ని చర్చి కొనుక్కుని ఆర్చిబిషప్‌ నివాసంగా మార్చింది. 1999 జనవరిలో సెయింట్‌లూయిస్‌కు వచ్చిన పోప్‌ రెండో జాన్‌పాల్‌ బస చేసింది ఆ ఇంట్లోనే. క్లారా న్యూయార్క్‌ ప్లాజా హోటల్లో స్థిరపడి, 1957లో కన్నుమూసేదాకా అక్కడే ఉంది. కాక్‌టెయిల్‌ పార్టీ అనగానే వినిపించేది ఆవిడ పేరే.

టామ్‌ బుల్లక్‌ 1964లో చనిపోయాడు. ఆయన పుస్తకం చాలాకాలం ఎక్కడా దొరకలేదు. 2001లో మళ్లీ అచ్చయింది. మొత్తం 173 రకాలు. మింట్‌ జులెప్‌ ఎలా చేయాలో అందులో ఉంది. పెద్ద వెండిగ్లాసులో చక్కెర బిళ్లను కాసిని నీళ్లతో కరిగించాలి, పొడి ఐసు నింపాలి, రెండు కొలతల బర్బన్‌ పోసి బాగా కలపాలి, పైన పుదీనా గుత్తి పెట్టాలి. దానికి ఓ జాగ్రత్త కూడా జోడించాడు: పుదీనా ఆకు మాత్రం నలగకూడదట.