నరం అంటే ఏ నరం?

కాలు కొంకర్లు పోతే 'నరం పట్టేసింది' అంటాం. పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగి ఉబ్బితే 'నరాలు తేలాయి' అంటాం. మడమ వెనక తాడులా గట్టిగా తగిలేదీ నరమే. కోపమొస్తే కణత దగ్గర కొట్టుకునేదీ నరమే. తెలుగువాళ్ల ఒంట్లో సన్నగా, పొడుగ్గా ఉన్నదల్లా నరమే!

డాక్టర్ల లెక్క వేరు. మొదటిది కండరం, రెండోది సిర, మూడోది స్నాయువు, నాలుగోది ధమని. వాళ్లు నరం అనేది వీటిలో ఏదీ కాదు. అది తెల్లటి దారంలా ఉంటుంది. అందులో రక్తం పారదు. ముల్లు గుచ్చుకున్న కబురు మెదడుకి మోసుకెళ్లేది అదే.

మాటలో తేడాయే కదా అనుకోవడానికి లేదు. మిర్యాలగూడ పక్క పల్లెలో ఒకావిడకి ఈ ఒక్క మాట ఎనిమిది నెలల నిద్ర లేకుండా చేసింది.

ఆమెకి యాభై దాటాయి. నాగార్జున సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. ఆమె బుద్ధెరిగేసరికే ఎడమ కాలువ కింద వానాకాలం, యాసంగి రెండు పంటలూ వరే. ఏళ్ల తరబడి బురదలో నిలబడి నాట్లు, కలుపు. మధ్యలో నలుగురు పిల్లలు. నలభై దాటేసరికి రెండు పిక్కల మీదా సిరలు ఉబ్బాయి. కుడి చీలమండ పైన పుండు లేచి ఎంతకీ మానలేదు. చివరికి పట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. పుండు మానింది. కాలు తేలికపడింది. అందరూ సంతోషించారు.

ఓ రోజు గంజి వంచుతుంటే కాస్త ఆ కాలి మీద పడింది. బొబ్బ లేచాక చూసుకుంది తప్ప, పడినప్పుడు తెలియనే లేదు. గిల్లి చూసుకుంది. పిక్క లోపలివైపు నుంచి చీలమండ దాకా ఎవరి కాలో పట్టుకున్నట్టుంది!

స్పర్శ లేదంటే ఆమెకి తెలిసిన జబ్బు ఒక్కటే... పెద్దరోగం. చిన్నప్పుడు ఊరి చివర పాకలో ఒంటరిగా బతికిన ముసలాయన గుర్తొచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. తన కంచం వేరు పెట్టుకుంది. పడక వసారాలోకి మార్చుకుంది. ఏడాది నిండని మనవడు చేతులు చాపితే పని ఉందంటూ పెరట్లోకి వెళ్లిపోయేది. కోడలికి ఇది మింగుడు పడలేదు. "అత్తమ్మా, పిల్లగాణ్ని ఎందుకు ఎత్తుకుంటలేవు? నా మీద కోపమా?" అని నిలదీసింది. అప్పుడు బయటపడింది సంగతి.

కొడుకేమో 'ఇదంతా ఫ్లోరైడ్' అన్నాడు. నల్గొండ జిల్లాలో కాలికి ఏమొచ్చినా ముందు గుర్తొచ్చేది నీళ్లే. అతణ్ని తప్పు పట్టలేం. ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి డాక్టర్ సిద్దిఖీ రాసిన వ్యాసం లండన్ వైద్య పత్రికలో అచ్చయింది 1955లో. సాగర్ డ్యామ్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసిందీ ఆ ఏడాదే, డిసెంబరు 10న. ఫ్లోరైడ్ ముదిరితే వెన్నెముక గట్టిపడి, లోపలి వెన్నుపాము నలుగుతుంది. కాళ్లు బిగుసుకుపోతాయి, మొద్దుబారతాయి. కానీ అది ఒక కాలి మీద, ఒకే పక్క, పట్టీ వేసినట్టు రాదు.

ఆశా కార్యకర్త వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ దూదితో తాకుతూ, ఎక్కడ తెలుస్తోందో ఎక్కడ తెలియట్లేదో చూసి, పెన్నుతో కాలి మీద గీత గీసింది. చర్మం రంగు మారిందేమో చూసింది. మోకాలి బయటివైపు, చీలమండ వెనకాల నరాలు లావెక్కాయేమో తడిమింది. ఆపరేషన్ మచ్చ చూసి అడిగింది.

"ఇదేంటమ్మా?"

"నరాలు తీసేసిన్రు మేడం."

తీసింది నరాన్ని కాదు, సిరని. ఆ సిరతో పాటు సఫీనస్ అనే అసలు నరం దిగుతుంది. తొడలో బయలుదేరి, మోకాలి కింద సిరని అంటిపెట్టుకుని నడుస్తుంది. అందుకే చాలామంది సర్జన్లు సిరని మోకాలి కాస్త కిందివరకే తీసి ఆపేస్తారు. ఈమెకి పుండు చీలమండ దగ్గర ఉండటంతో ఇంకా కిందికి వెళ్లాల్సి వచ్చింది. ఆ సంగతి ముందే చెప్పారు కూడా. సంతకం పెట్టించుకునేటప్పుడు 'నరానికి తగలొచ్చు' అన్నారట. నరం తీయించుకోవడానికే వచ్చాం కదా, తగలకుండా ఎలా తీస్తారు అనుకుంది ఆవిడ!

అయినా ఆమెకో అనుమానం మిగిలింది. వెనకవీధి వదినెకీ అదే ఆపరేషన్ అయింది. ఆమెకి చీమ పాకినా తెలుస్తుంది. మరి తనకే ఎందుకిలా?

సాగర్ ఆయకట్టు రైతుకి దీన్ని చెప్పడం తేలికే. పెద్ద కాలువ అందరికీ ఒకటే. మేజర్లు, మైనర్లు దాటి పిల్లకాలువల దగ్గరికొచ్చేసరికి ఏ ఊరి తీరు ఆ ఊరిది. నరాలూ అంతే. తొడలో లావుపాటి నరం దాదాపు అందరిలో ఒకే దారిన వెళ్తుంది. చర్మం కిందికొచ్చేసరికి మనిషికో దారి. సఫీనస్ కొందరిలో సిరకి ముందు నడుస్తుంది, కొందరిలో వెనక. కొందరిలో చీలమండ దగ్గరే అయిపోతే, ఇంకొందరిలో బొటనవేలి మొదలు దాకా పోతుంది. పిక్క వెనక ఉండే సూరల్ నరం మరీ విచిత్రం. సాధారణంగా మోకాలి వెనక నుంచి వచ్చే రెండు పాయలు కలిసి అది తయారవుతుంది. ఆ కలిసే చోటు ఒకరిలో పిక్క పైన, ఒకరిలో చీలమండకి దగ్గర్లో. కొందరిలో ఆ రెండూ అసలు కలవనే కలవవు. చిటికెన వేలి పక్కన పాదం పైభాగం ఒకరిలో సూరల్ వాటా అయితే, ఇంకొకరిలో కాలి ముందువైపు నుంచి దిగే పెరోనియల్ నరం వాటా. అంతెందుకు, ఒకే మనిషి కుడి కాలూ ఎడమ కాలూ ఒకలా ఉండనక్కర్లేదు.

2019లో సూర్యాపేట, నల్గొండల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఇలాంటి కాలేజీల్లో మొదటి ఏడాది పిల్లలు అట్లాసు పక్కన పెట్టుకుని కాలు కోసి చదువుకుంటారు. పుస్తకంలో ఉన్నచోట నరం దొరక్కపోతే ఆ రోజు వాళ్లు నేర్చుకున్న పాఠం పెద్దదే. చెయ్యో ముఖమో తెగి నరం పోయినవారికి, కాలిలోని సూరల్‌ను తీసి అతుకు వేస్తారు. పాదం అంచు మొద్దుబారుతుంది గానీ నడకకి అడ్డం రాదు. దాన్ని వెతికే సర్జన్‌కి ఈ తేడాలు తెలియకపోతే కుదరదు.

ఇదంతా విని, కాలు మొద్దుబారితే నరం తీరే అంతే అని ఊరుకోవడమూ ప్రమాదమే. రెండు పాదాలూ మేజోళ్లు తొడిగినట్టు మొద్దుబారితే ముందు షుగరు చూడాలి. మిరపతోటలో గంటల తరబడి గొంతుక్కూర్చుని లేచాక పాదం పైకి లేవకపోతే, మోకాలి పక్కన నరం నలిగినట్టు. చాలామందికి వారాల్లో, నెలల్లో సర్దుకుంటుంది. నడుంనొప్పితో కలిసి కిందికి పాకితే వెన్నుపూసల దగ్గర వెతకాలి. పాలిపోయిన, లేదా ఎర్రబారిన మచ్చ మీద స్పర్శ పోతే అది కుష్ఠు కావచ్చు. 2005 చివరికి దేశంలో అది పదివేల మందికి ఒకటి కంటే తగ్గిందన్న మాట నిజమే గానీ, పూర్తిగా పోలేదు. మచ్చ లేకుండా నరంలోనే దాక్కునే రకమూ ఉంది. మందులు ప్రభుత్వాస్పత్రిలో ఉచితం, ఆరు నెలలో ఏడాదో వాడితే నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే గుణం పోతుంది. కంచం వేరు పెట్టాల్సిన పనే లేదు.

ఆమెకి మచ్చ లేదు, నరం లావెక్కలేదు. మొద్దుబారిన మేర ఏడాదిన్నరలో సగానికి తగ్గింది. ఇప్పుడు పొయ్యి దగ్గరికి వెళ్లినా, పొలానికి వెళ్లినా ముందు ఆ కాలు చూసుకుంటుంది. ఎడమ కాలికీ ఆపరేషన్ కావాలన్నారు. యాసంగి కోతలయ్యాక చూద్దామంటోంది. ఈలోపు మనవడు చంక దిగట్లేదు.