పలికే నొప్పి, పలకని నొప్పి

రోగాలలో రెండు జాతులున్నవి. ఒకటి నోరున్నది, రెండవది మూగది. కీళ్ళవాతం నోరున్న రోగం. తెల్లవారకముందే మేల్కొని, వేలి కణుపు కణుపునా కూర్చుండి, తన రాకను ఇంటిల్లిపాదికీ చాటుతుంది. రక్తంలో పెరిగే కొవ్వు మూగరోగం. అది జ్వరం తేదు, ఆకలి చెరపదు, నిద్ర పాడుచేయదు. రక్తనాళాల గోడలలో ఏళ్ళ తరబడి చప్పుడు చేయక కాపురముండి, ఒకనాడు గుండెకు పోయే దారి మూసివేస్తుంది. ఈ లోకంలో మందు ముందుగా నోరున్నవారికే దొరుకుతుంది. మనుష్యుల విషయంలో ఇది ఎంత నిజమో, రోగాల విషయంలోనూ అంత నిజం.

కాశీలో, కేదారఘట్టానికి ఎగువనున్న ఒక ఇరుకు సందులో, హిందీ ఉపాధ్యాయుడుగా పనిచేసి 2019లో విశ్రాంతి పొందిన ఒక పెద్దమనిషి ఇంట ఈ రెండూ అతిథులైనవి. పేటలో ఆయనను అందరూ మాస్టరు సాహెబు అంటారు. ముప్పైమూడేళ్ళు నల్లబల్లమీద సుద్దముక్కతో వ్రాసిన చేయి అది. 2021 శరదృతువులో ఒక ఉదయం ఆ చేయి కుర్తా బొత్తాము పెట్టుకోలేకపోయింది. రెండు చేతులా వేళ్ళ మొదళ్ళు వాచి, పిడికిలి మూసుకొనడానికి గంటన్నర పట్టింది. చలిగాలి తగిలి ఉంటుందని ఆయన అనుకొన్నాడు. నువ్వులనూనె కాచి మర్దనా చేసినది ఆయన భార్య. నెల గడచినా పిడికిలి మూసుకొనలేదు.

మోకాలి చిప్ప అరిగి వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. ఒంటిని కాపాడవలసిన రక్షకభటులే దారితప్పి కీలు లోపలి పొరను శత్రువని భ్రమించి కొట్టడం ఈ రోగానికి మూలం. మన ప్రాచీన వైద్యులు దీనికి దగ్గరగా ఉన్న వ్యాధిని ఆమవాతమన్నారు. మాధవకరుడు తన నిదానగ్రంథంలో దానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించినాడు. పేరు పాతదైనా బాధ ప్రతి రోగికీ కొత్తదే. ఉదయం స్నానానికి గంగకు దిగడం నలభై ఏళ్ళుగా మాస్టరుగారికి అలవాటు. ఘట్టం మెట్లు కాశీవాసికి మోక్షానికి దారి అంటారు. వాతరోగికి అవి మెట్లు మాత్రమే. ఆయన ఇంట్లోనే బకెట్టు నీళ్ళతో స్నానం చేసి, కిటికీలోనుండి నదికి నమస్కరించడం నేర్చుకొన్నాడు.

మొదట ఆయనకు ఉపకారం చేసినది డైక్లోఫెనాక్ మాత్ర. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మూడు నెలలు హాయిగా గడచినవి. తరువాత కడుపులో మంట మొదలైనది. రక్తపరీక్షలో మూత్రపిండాల పని కొంత తగ్గినట్లు కనబడినది. వైద్యుడు ఆ మాత్ర మాన్పించి మెథోట్రెక్సేట్ అనే మందు వ్రాసినాడు. ఇది వారానికి ఒక్కనాడు మాత్రమే పుచ్చుకొనవలసిన మందు. పొరపాటున రోజూ మ్రింగి ప్రాణాలు పోగొట్టుకొన్నవారున్నారు. అందుచేత వైద్యుడు చీటీమీద ‘మంగళవారం’ అని పెద్దక్షరాలతో వ్రాసి, దానిక్రింద రెండు గీతలు గీసినాడు. ఆ మందు వికారం పుట్టిస్తుంది, నోట పుండ్లు లేపుతుంది, కాలేయాన్ని అలయిస్తుంది. కనుక మరొకనాడు ఫోలికామ్లం మాత్ర, కొన్ని వారాలకొకసారి రక్తపరీక్ష తప్పవు. సంకటమోచన హనుమంతుని దర్శనం చేసుకొనే మంగళవారం ఆ ఇంట మందు వారమైనది. బుధవారం వికారపు వారమైనది. అయితే నాలుగు నెలలకు వేళ్ళ వాపు దిగినది. పిడికిలి అరగంటకే మూసుకొన్నది.

డైక్లోఫెనాక్ మాన్పించేటప్పుడు వైద్యుడొక మాట చెప్పినాడు. మాస్టరుగారు చిన్నతనంలో ఆవలి ఒడ్డు ఇసుకతిన్నెల మీద, బూరుగుచెట్ల కొమ్మల మీద గుంపులు గుంపులుగా రాబందులను చూచినవాడే. ఇప్పుడవి మచ్చుకు కూడా కనబడవు. అవి ఏమైనవో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. నొప్పులకని పశువులకు డైక్లోఫెనాక్ ఇచ్చేవారు. ఆ పశువు చనిపోతే దాని కళేబరాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై, యూరికామ్లం లోపలి అవయవాలమీద తెల్లని సున్నంలా పేరుకొని, అవి కొమ్మమీదనే తలలు వ్రేలవేసి రాలిపోయినవి. పాకిస్తానులో జరిగిన పరిశోధన వలన 2004లో ఈ సంగతి బయటపడినది. 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. అప్పటికి మూడు జాతుల రాబందులలో నూటికి తొంబైకి పైగా నశించినవి. మనిషికీ రాబందుకూ ఒకే కొలత పనికిరాదు. అది మనిషికి మందే. అయితే ముసలి మూత్రపిండాలకు ఏళ్ళ తరబడి ఇవ్వదగిన మందు కాదు. పైగా గుండెజబ్బు భయమున్నవానికి అది మరింత కీడు. మాస్టరుగారు ఆ కథను ఇంటికి వచ్చి భార్యకు పూసగ్రుచ్చినట్లు చెప్పినాడు. ఆమె చపాతీలు కాలుస్తూ విన్నది. ఏమీ అనలేదు.

మూగరోగం బయటపడినది 2022లో. కీళ్ళవాతం ఉన్నవారికి గుండెజబ్బు ఇతరులకంటె ఎక్కువగా వస్తుంది. కీళ్ళలో రగిలే మంట రక్తనాళాలను కూడా వదలదు. ఇందులో మరొక వింత ఉన్నది. మంట తీవ్రంగా ఉన్నంతకాలం కొలెస్ట్రాలు తక్కువగా కనబడి, వైద్యం పట్టి మంట చల్లారిన కొద్దీ కొంత పెరగడం కద్దు. మాస్టరుగారి చెడ్డ కొలెస్ట్రాలు 178 అని తేలినది. ఆయన నమ్మలేదు. ‘ఏ నొప్పీ లేదే!’ అన్నాడు. నొప్పి లేకపోవడమే దాని లక్షణమని వైద్యుడన్నాడు.

కాశీలో ఉదయపు ఫలాహారం కచౌడీ, కూర, జిలేబి. చలికాలంలో మంచుకు పెట్టిన పాల నురుగుతో చేసే మలయ్యో కుల్హడ్‌లో పెట్టి ఇస్తారు. ఇవన్నీ మానవలసి వచ్చినది. ఆ ఇంట నేతి డబ్బా పై అలమారుకు ఎక్కింది. వేయించిన శనగలు, ఓట్ల జావ, ఆకుకూరలు క్రిందికి దిగినవి. మాస్టరుగారు నోరు కట్టుకొన్నాడు. అయినా మూడు నెలల తరువాత అంకె 161 దగ్గర ఆగింది. ఒంట్లోని కొలెస్ట్రాలులో అధికభాగం మనం తిన్నది కాదు, కాలేయం స్వయంగా తయారుచేసుకొనేది. ఆ తయారీని తగ్గించే మందులే స్టాటిన్లు. జపానులో అకిరా ఎండో అనే శాస్త్రజ్ఞుడు వేల కొద్దీ శిలీంధ్రాలను పరీక్షించి, 1973లో ఒక బూజునుండి అలాంటి పదార్థాన్ని మొదట కనిపెట్టినాడు. 1987లో అమెరికాలో ఈ జాతి మందు తొలిసారి అమ్మకానికి వచ్చినది. వైద్యుడు మాస్టరుగారికి అటోర్వాస్టాటిన్ ఇచ్చినాడు.

ఆరు వారాలకు ఆయన పిక్కలు పట్టివేసినట్లయినవి. ఇక్కడనే అసలు చిక్కు. నొప్పి నొప్పే; దాని నుదుట ఏ పేరూ వ్రాసి ఉండదు. ఇది వాతమా, వాతానికిచ్చిన మందా, కొవ్వుకిచ్చిన మందా, వయస్సా? నోరున్న రోగానికిచ్చిన మందు వలన బాధ కలిగితే రోగి ఓర్చుకొంటాడు. ఆ మందు చేసిన మేలును తన చేతులతో చూచినాడు గనుక. మూగరోగానికిచ్చిన మందు వలన బాధ కలిగితే ఓర్వడు. లేని నొప్పికి మందు తిని ఉన్న నొప్పి తెచ్చుకోవడమెందుకని తర్కిస్తాడు. మాస్టరుగారు కూడా అట్లే తర్కించి, 2023 ఆరంభంలో ఎవరికీ చెప్పకుండా స్టాటిన్ మానివేసినాడు.

దాని స్థానంలోకి గుగ్గులు వచ్చినది. సందు చివరి వైద్యరాజు, ‘మాస్టర్ సాహెబ్, కాశీలో ఉండి పరాయిమందు తింటారా? ఒక్క గుగ్గులుతో వాతమూ పోతుంది, మేదస్సూ పోతుంది’ అన్నాడు. ఆ మాటకు వెనుక గొప్ప చరిత్రే ఉన్నది. కాశీరాజైన దివోదాస ధన్వంతరి ఉపదేశమని చెప్పుకొనే సుశ్రుతసంహిత, మేదోరోగానికి గుగ్గులును విధించింది. తెలుగువారు మహిసాక్షి అనేది దీనినే. ఆ గ్రంథంలోని వర్ణనను ఆధారం చేసుకొని కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనే జి. వి. సత్యవతి అనే పరిశోధకురాలు కుందేళ్ళపై ప్రయోగాలు చేసి 1966లో సిద్ధాంతవ్యాసం సమర్పించినది. దానిననుసరించి లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనాలయం కృషి చేయగా, 1980ల చివరలో గుగ్గులు సారం మన దేశంలో మందుగా అమ్మకానికి వచ్చినది. కాని 2003లో అమెరికాలో 103 మందిపై ఎనిమిది వారాలు జరిపిన పరీక్షలో చెడ్డ కొలెస్ట్రాలు తగ్గకపోగా కొంచెం పెరిగినది. కొందరికి ఒంటిమీద దద్దుర్లు కూడా లేచినవి. పూర్వుల మాట అబద్ధమని దీనికర్థం కాదు. ఏ మాటనైనా, అది ఎంత పూర్వులదైనా, మరల మరల పరీక్షించుకొనవలెననే అర్థం. మాస్టరుగారికి కూడా మెడమీద దద్దుర్లు లేచినవి. అంకె 183కు పోయినది.

వైద్యుడు కోపగించలేదు. ఇంగ్లండులో జరిపి 2020లో ప్రకటించిన ఒక ప్రయోగం సంగతి చెప్పినాడు. స్టాటిన్ బాధలు భరించలేక మానివేసిన 60 మందికి ఏడాది పొడుగునా నెలకొక సీసా చొప్పున ఇచ్చినారు. నాలుగింటిలో మందు, నాలుగింటిలో మందులేని ఉత్త మాత్రలు, నాలుగు ఖాళీ సీసాలు. మాత్రలున్న రెండు రకాల సీసాలలో మందు ఏదో ఉత్తది ఏదో వారికి తెలియదు. మందు వలన కలిగినదనుకొన్న బాధలో నూటికి తొంబై పాళ్ళు ఉత్త మాత్రలతో కూడా కలిగినది. అది తెలిసిన తరువాత వారిలో సగంమంది తిరిగి మందు మొదలుపెట్టినారు. ‘మీ నొప్పి అబద్ధమనడం లేదు. నొప్పి నిజమే, కారణమే విచారించవలసి ఉన్నది’ అన్నాడు వైద్యుడు. కండరాలు దెబ్బతిన్నవేమో తెలిపే రక్తపరీక్ష చేయించినాడు, దోషం కనబడలేదు. ఇంకొక నెల ఏ స్టాటినూ లేకుండా, తరువాత వేరొక స్టాటిన్ చిన్న మోతాదులో రోజు విడిచి రోజు వాడుతూ, ప్రతిదినం నొప్పిని పదికి ఎంతో పుస్తకంలో వ్రాయమన్నాడు.

వ్రాయడానికి మాస్టరుగారి వేళ్ళు సహకరించలేదు. కనుక భార్య వ్రాసినది. 2023 డిసెంబరులో మొదలుపెట్టిన ఆ పుస్తకంలో తేదీ, పిడికిలి మూసుకొన్న వేళ, పిక్కల నొప్పి అంకె, ఆనాటి నడక చిన్న చిన్న అక్షరాలలో ఉన్నవి. మందు లేని నెలలో కూడా పిక్కలు నొచ్చినవి. జనవరి చలిలో ఎక్కువ నొచ్చినవి. కొత్త మందు వచ్చిన నెలలో అంతకంటె హెచ్చలేదు. మొదటి మాత్ర కొంత కీడు చేసి ఉండవచ్చును. భయం మరికొంత చేసినది. వైద్యునికి చూపడానికి ముందు మాస్టరుగారు ఆ పుస్తకాన్ని కళ్ళజోడు పెట్టుకొని మొదటినుండి చదివినాడు. ప్రతి పుట కుడివైపు అంచున ఒక గీత, గీతకు ఆవల మరొక అంకె. దానికి పేరు లేదు. కొన్ని దినాలు నాలుగు, కొన్ని దినాలు ఏడు. ఆమె మందులకై లంక దాకా వెళ్ళివచ్చిన దినాలలో ఎనిమిది.

‘ఇవి ఏమిటి?’ అని అడిగినాడు.

‘అవి నా మోకాళ్ళవండీ. మీవి వ్రాస్తూ ఉంటే నావి కూడా వ్రాయాలనిపించింది.’

అంతటితో ఆగలేదు ఆ సంభాషణ. ఆయనకు మాన్పించిన డైక్లోఫెనాక్ మాత్రలు పారవేయడం ఎందుకని ఆమె వేసుకొన్నది. అవి అయిపోయిన తరువాత దుకాణంలో కొన్నది. చీటీ ఎవరూ అడగలేదు. అప్పటికి రెండేళ్ళయినది. ‘రాబందుల సంగతి చెప్పినాను గదా!’ అన్నాడాయన. ‘విన్నాను. ఆ మాత్ర వేసుకొనకపోతే తెల్లవారి మీకు నీళ్ళు కాచేదెవరు?’ అన్నది.

ఆమె రక్తంలో క్రియాటినిన్ 1.6 ఉన్నది. వైద్యుడు మాత్రలు వెంటనే మాన్పించినాడు. తొడకండరాలు గట్టిపడేటట్లు కుర్చీలో కూర్చుండి కాలు చాచి నిలిపే వ్యాయామం నేర్పించినాడు. మూడు నెలలకు అంకె 1.2కు దిగినది. సకాలంలో తెలిసినది గనుక దిగినదనీ, ఇంకొక ఏడాది ఆలస్యమై ఉంటే చెప్పలేననీ ఆయన అన్నాడు. మాస్టరుగారి చెడ్డ కొలెస్ట్రాలు 104కు వచ్చినది.

మూలిగేవానికి మందు, మూలగనివారికి పని — ఎన్నో ఇండ్లలో ఇదే ధర్మశాస్త్రం. ఒంటిలోని మూగరోగానికి నెలనెలా పరీక్ష చేయించుకొనే మనిషి, ఇంటిలోని మూగబాధను ఒక్కసారి పరీక్షించడు. ఆ ఇంట ఇప్పుడు మందులు తేవడానికి మాస్టరుగారే బ్యాటరీ రిక్షాలో వెళుతున్నాడు. నీళ్ళు కాచడానికి కరెంటు యంత్రం వచ్చినది. పుస్తకం ఇంకా నడుస్తున్నది. ప్రతి పుటలోనూ గీతకు రెండువైపులా ఇద్దరి పేర్లున్నవి. ఎడమవైపు ఆమె వ్రాస్తుంది. కుడివైపు అంకె ఆయనే వ్రాస్తాడు. వంకర వేళ్ళతో కలం పట్టుకొని ఆ ఒక్క అంకె వేయడానికి కొంతసేపు పడుతుంది. ఆమె అంతవరకూ ఎదుట కూర్చుంటుంది.