సాము విద్యలలో సామ్యం

ఏ యుద్ధవిద్య గొప్పదన్న వాదం యువకుల మధ్య తరచు వినిపిస్తుంది. కరాటేకు సాటి లేదని ఒకరు, కుంగ్‌ఫూను మించినది లేదని మరొకరు, బాక్సింగే మేలని వేరొకరు పట్టుపడతారు. ఈ వాదంలో కర్రసాము పేరు ఎత్తేవారు అరుదు. అది జాతరలలో, ఊరేగింపులలో చూచి ఆనందించే వేడుకగానే చాలామందికి తెలుసు. అయితే ఈ విద్యలన్నింటినీ పక్కపక్కన ఉంచి పరిశీలిస్తే, పేర్లు వేరైనా పునాదులు ఒక్కటేనన్న సత్యం బోధపడుతుంది. ఏ దేశంలోనైనా మనిషికి ఉన్నవి రెండు కాళ్లు, రెండు చేతులే. అతనిని నిలబెట్టే నేలా, పడదోసే బరువూ అంతటా ఒకే తీరున పనిచేస్తాయి.

నెల్లూరు సీమకు సాము విద్య కొత్తది కాదు. పదమూడవ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో వెలుగొందిన తిక్కన సోమయాజి మహాభారతాన్ని విరాటపర్వం నుండి తెనిగించాడు. ఆ పర్వంలో భీముడు కీచకుణ్ణి నర్తనశాలలో ఆయుధం పట్టకుండానే మట్టుపెడతాడు. ఆ కవి వంశంవాడే అయిన ఖడ్గ తిక్కన అదే కొలువులో సేనానిగా కత్తి పట్టి ప్రసిద్ధుడయ్యాడు. ఈ సీమకు దక్షిణభాగంలో గూడూరు ఉంది. విజయవాడ, చెన్నై, రేణిగుంటల నుండి వచ్చే రైలు మార్గాలు అక్కడ కలుస్తాయి. అక్కడి నుండి తమిళనాడు సరిహద్దు ఎంతో దూరం కాదు. ఇవతల కర్రసాము అని పిలిచే విద్యకు అవతల సిలంబం అని పేరు. చేతిలోని కర్ర, అది తిరిగే తీరు, దానితోపాటు కదిలే అడుగు ఎంతో దగ్గరగా ఉంటాయి.

అన్ని విద్యలలోనూ తొలిపాఠం నిలకడ. కర్ర ఎంత వేగంగా తిరిగినా పాదం తడబడితే ఆ వేగం వ్యర్థం. కేరళలోని కళరిపయట్టులో దేహశిక్షణ గడిచిన తరువాతనే శిష్యుని చేతికి కర్ర వస్తుంది. ఏనుగు, సింహం, గుర్రం మొదలైన జంతువుల నిలుపులను అనుకరించే భంగిమలను అక్కడ ముందుగా అభ్యసిస్తారు. ముందుకాలు మోకాలివద్ద వంచి, వెనుకకాలు చాచి నిలిచే భంగిమ చైనా విద్యలలోనూ కనిపిస్తుంది, కరాటేలోనూ కనిపిస్తుంది.

రెండవది ఒడుపు. కుస్తీలో ‘ధోబీపాట్’ అనే పట్టు ఉంది. ప్రత్యర్థి చేతిని లాగి, అతనికి వీపు చూపేటట్లు తిరిగి, నడుము కిందికి దించి, భుజం మీదుగా అతనిని నేలకు వేయడమే ఆ పట్టు. బట్టను ఎత్తి బండకు ఉతికే తీరును బట్టి దానికి ఆ పేరు వచ్చింది. జపాన్‌లో జిగొరో కానో 1882లో నెలకొల్పిన జూడోలో ఇటువంటి పట్టునే ‘సెయోయి నాగె’ అంటారు. ఎదుటివాని బరువు ముందుకు ఒరిగిన క్షణంలో దాని కిందికి తన నడుమును చేర్చినవాడు కొద్ది బలంతోనే అతనిని ఎత్తగలడు. గునపంతో బండను పెకలించడంలో ఉన్న మీట సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. అందుకే బక్కపలుచని శిష్యుడు బలశాలిని పడగొట్టిన దృశ్యం గోదాలోనూ, జూడో చాపమీదా కనిపిస్తుంది.

మూడవది ఎడం. కర్రసాములో తన కర్ర ఎంతవరకు అందుతుందో, ఎదుటివాని కర్ర ఎంతవరకు అందుతుందో కన్ను కొలుస్తూనే ఉండాలి. మీదికి వచ్చే దెబ్బను ఎదురొడ్డి ఆపడంకంటె ఏటవాలుగా తాకించి జారవిడవడం మేలు. కరాటేలో ముంజేయి, బాక్సింగ్‌లో తొడుగు వేసిన చేయి ఈ పనినే చేస్తాయి. నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచింది. ఆ బరిలో పిడికిలి తగలాలంటే పాదం ముందుగా సరైన చోటికి చేరాలి. గుద్దు వేసిన వెంటనే ఆ పాదమే వెనుకకు తీసుకొనిపోవాలి.

పడడం కూడా నేర్వవలసిన విద్యే. గడ్డం ఛాతీకి ఆనించి, చేతితో చాపను చరచి, పడిన ఊపును చెదరగొట్టడం జూడోలో మొదట నేర్పుతారు. కుస్తీ గోదాలో మట్టిని తవ్వి మెత్తగా ఉంచడంలోని ఆంతర్యమూ ఇదే.

భేదాలు లేవని కాదు. బాక్సింగ్‌లో పట్టుకొనరాదు; జూడో పోటీలో గుద్దరాదు. నియమం మారినకొద్దీ విద్య రూపం మారుతుంది. కాని వినయం మారదు. కుస్తీ వీరుడు గోదా మట్టిని నుదుటికి అద్దుకుంటాడు. కళరిలో అడుగుపెట్టేవాడు నేలను తాకి నమస్కరిస్తాడు. జూడో ఆటగాడు ప్రత్యర్థికి తల వంచుతాడు. చేతిలో బలం పెరుగుతున్నప్పుడు మనస్సుకు కళ్లెం వేయడమే ఈ ఆచారాల ఉద్దేశం. కలహాన్ని తప్పించుకొనే వీలున్నచోట తప్పుకొనడమే నిజమైన శిక్షితుని లక్షణం.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడలలో సిలంబానికి ప్రదర్శన క్రీడగా చోటు దక్కింది. దాని తోబుట్టువైన కర్రసాము తెలుగునాట ఇంకా వేడుకల వెంట నడుస్తున్నది. దూరదేశపు విద్యను నేర్చుకొనడం తప్పు కాదు. అయితే అక్కడ నేర్చిన నిలకడ, ఒడుపు, ఎడం తమ ఊరి కర్రలోనూ ఉన్నవని గుర్తించిన విద్యార్థి ఊరేగింపులో కర్ర తిప్పే వృద్ధుని చేతులను మాత్రమే చూచి ఊరుకొనడు. ఆయన పాదాలను కూడా గమనిస్తాడు.