కిరీటం పెట్టెలోనే ఉంచుతాను

ఇంగ్లండ్‌లో ఏ ప్రైమరీ స్కూలు పిల్లాణ్ణి కదిపినా ఎనిమిదో హెన్రీ గురించి గడగడా అప్పజెబుతాడు. ఆరుగురు పెళ్లాలు, వాళ్లలో ఎవరి తల తెగింది, ఎవరిని వదిలేశాడు, అన్నీ నోటికి వచ్చు. 1993లో టెర్రీ డియరీ రాసిన 'ది టెరిబుల్ ట్యూడర్స్' ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. 2017లో ఎడిన్‌బరోలో మొదలైన 'సిక్స్' మ్యూజికల్ పుణ్యమా అని రాణుల పాటలు కూడా కంఠతా పట్టేశారు. 1485 నుంచి 1603 దాకా హెన్రీది అయిన ట్యూడర్ వంశంలో గద్దెనెక్కింది ఐదుగురు. తొమ్మిది రోజుల ముచ్చటైన జేన్ గ్రేని కూడా కలిపితే ఆరుగురు. ఆ కాలంలో పుట్టి, పెరిగి, పొలం దున్ని, పేలు కుక్కుకుని పోయిన మిగతా జనం ఎలా బతికారో చెప్పడం నా ఉద్యోగం.

ఓ చిన్న పట్టణ మ్యూజియంలో విద్యావిభాగంలో పనిచేస్తాను. హైదరాబాద్‌లో చరిత్ర ఎం.ఏ. చేసి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి, వాలంటీరుగా చేరి, చివరికి జీతంలో పడ్డాను. మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలు. 2014 నుంచి అమలవుతున్న పాఠ్యప్రణాళికలో ఆ వయసు వాళ్లకు ట్యూడర్లు తప్పనిసరి కాదు. అయినా స్కూళ్లు వదలవు. టీచర్లకు అలవాటైన పాఠం, పిల్లలకు ఇష్టమైన పాఠం, పైగా చుట్టుపక్కల ఆ కాలపు ఇళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి.

పిల్లలొచ్చేసరికి నేను వేషంలో ఉంటాను. లోపల నారబట్ట చొక్కా, పైన ఉన్ని గౌను, తలకు తెల్లటి కుళ్లాయి. జూన్ నెలలో ఆ ఉన్నిలో ఉడికిపోతూ నవ్వుముఖం పెట్టడం కూడా ఉద్యోగంలో భాగమే. తరగతిని నాలుగు బల్లలకు పంచుతాం: వంట, రాత, శుభ్రం, ఇల్లు కట్టడం. వేషాల పెట్టెలో ఓ కిరీటం కూడా ఉంది. దాన్ని బయటికి తీయను. తీస్తే ముప్ఫై మందీ దాని మీదే పడతారు, మిగతా పాఠం గాలికి పోతుంది. కొంతమంది టీచర్లకు ఇది నచ్చదు, ఫొటోలు బావుండవని. పిల్లలకు ఉన్ని టోపీలు ఇస్తాను. 1571లో ఎలిజబెత్ కాలంలో ఓ చట్టం వచ్చింది. ఆరేళ్లు దాటిన ప్రతి మగవాడూ, పెద్దింటివాళ్లు తప్ప, ఆదివారాలూ పండగరోజుల్లో ఇంగ్లండులో తయారైన ఉన్ని టోపీ పెట్టుకోవాలి. లేకపోతే రోజుకు మూడు షిల్లింగుల నాలుగు పెన్నీల జరిమానా. టోపీలు అల్లేవాళ్ల పొట్ట నింపడానికి తెచ్చిన చట్టమిది. మన చేనేత గోడు తెలిసిన నాకు ఇది చెబుతున్నప్పుడల్లా గొంతు కాస్త పెరుగుతుంది. 1597లో దాన్ని ఎత్తేశారు. "అయితే నేను జరిమానా కట్టాలా మిస్?" అని అడగని తరగతి లేదు.

నాకు బాగా ఇష్టమైనది శుభ్రం బల్ల. దాని మీద మూడు వస్తువులుంటాయి: రెండువైపులా పళ్లున్న చెక్క దువ్వెన, గుబిలి తీసే చిన్న పుల్ల, మడతపెట్టిన నారగుడ్డ. వాటి పేర్లు చెప్పను. ఎవరికి వాళ్లు చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలి, రెండు నిమిషాల పాటు నేను నోరు విప్పకూడదు. ఈ పనిలో కష్టమంతా ఆ రెండు నిమిషాల్లోనే ఉంది. చెప్పేయాలని నాలుక దురద పెడుతుంది. దువ్వెన పట్టుకున్న పిల్ల ముందు వెడల్పు పళ్లవైపు జుట్టులో పెట్టబోతుంది, నేను చెయ్యి అడ్డం పెడతాను. తర్వాత సన్నపళ్ల వైపు వేలితో తడుముతుంది. పళ్లు ఇంత దగ్గరగా ఎందుకున్నాయని పక్కపిల్లాణ్ణి అడుగుతుంది. మూడోవాడు "ఇలాంటిదే మా బాత్రూంలో ఉంది" అంటాడు. ఆ మాట పూర్తికాకముందే బల్ల చుట్టూ అందరూ తలలు గోక్కోవడం మొదలుపెడతారు.

అప్పుడు నోరు విప్పుతాను. 1545 జులై 19న పోర్ట్స్‌మత్ దగ్గర హెన్రీ కళ్లముందే 'మేరీ రోజ్' అనే యుద్ధనౌక మునిగిపోయింది. 1982లో దాన్ని పైకి తీశారు. అందులో దొరికిన నావికుల సామానులో ఇలాంటి దువ్వెనలు బోలెడు, కొన్నిటి పళ్ల మధ్య పేలు కూడా అలాగే ఉన్నాయి. మా బల్ల మీదున్నది నకలు, ఇందులో పేలు లేవు అని గట్టిగా చెప్పాల్సి వస్తుంది.

ట్యూడర్లు స్నానం చేయని కంపు మనుషులని పిల్లలు గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకం దగ్గర కాసేపు ఆగుతాను. నీళ్లలో మునగడం తక్కువే, కానీ నారబట్టతో ఒళ్లు రుద్దుకునేవాళ్లు, లోపలి చొక్కా తరచూ మార్చేవాళ్లు. రూత్ గుడ్‌మన్ అనే చరిత్రకారిణి నెలల తరబడి అలాగే ఉండి చూసింది, పక్కవాళ్లెవరూ ముక్కు మూసుకోలేదు. వంట బల్ల దగ్గరా ఇలాంటి అపోహే ఒకటుంది: కుళ్లిన మాంసం కంపు తెలియకుండా మసాలా వేసేవాళ్లని. మిరియాలు కొనగలిగిన ఇంటివాడికి మంచి మాంసం కొనడం ఓ లెక్కా? ఎదురుప్రశ్న వేస్తే పిల్లలే నవ్వేస్తారు.

ఆ బల్ల మీద బఠాణీలు, ఓట్స్, లీక్స్, క్యాబేజీ పెడతాను. పేదల కుండలో రోజూ ఉడికే జావ అదే. బంగాళదుంప, టమాటా బొమ్మలు కూడా కలిపి, అప్పట్లో ఏవి ఉండేవో ఏవి లేవో తేల్చమంటాను. బంగాళదుంప లేని ఇంగ్లండా అని నోళ్లు తెరుస్తారు. మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క వాసన చూపిస్తే మన పిల్లలు కళ్లు మూసుకునే చెప్పేస్తారు. ఆ మిరియాలు మలబారు తీరం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చేవి. ఆ బేరంలో వాటా కోసమే 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ ఈస్టిండియా కంపెనీకి పట్టా ఇచ్చింది. పదకొండేళ్లకు వాళ్లు మచిలీపట్నంలో దిగారు. తెలుగు పిల్లలుంటే ఇంకొక ముక్క చేరుస్తాను: హెన్రీ గద్దెనెక్కిన 1509లోనే కృష్ణదేవరాయలూ గద్దెనెక్కాడని.

"మీలా ఉండేవాళ్లు ట్యూడర్ల కాలంలో ఉండేవారా మిస్?" అని నా చర్మం వంక చూసి అడిగేవాళ్లుంటారు. టీచరు మొహం ఎర్రబడుతుంది, నాకు మాత్రం ఆ ప్రశ్న కావాలి. 1511 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ టోర్నమెంట్ చిత్రపటం నకలు తీసి చూపిస్తాను. అందులో తలపాగాతో గుర్రమెక్కి బాకా ఊదుతున్న నల్లవాడు జాన్ బ్లాంక్, రాజు కొలువులో ఉద్యోగి. తోటివాళ్లతో సమానంగా జీతం ఇవ్వమని హెన్రీకి అర్జీ పెట్టుకుని, రోజుకు ఎనిమిది పెన్నీలను పదహారు చేయించుకున్నాడు. మునిగిన మేరీ రోజ్ మీద ఫిరంగుల కోసం నీళ్లలో దూకిన గజఈతగాళ్లలో జాక్ ఫ్రాన్సిస్ అనే ఆఫ్రికావాడు ఉన్నాడు, 1548లో కోర్టులో సాక్ష్యం చెప్పాడు. ఇవి విన్నాక వెనక బెంచీలో ముడుచుకు కూర్చున్న పిల్లలు ముందుకు జరగడం చూశాను.

చివరి బల్ల ఇల్లు కట్టడం. హేజెల్ బెత్తాలతో అల్లిన తడిక, పక్కన గడ్డి కలిపిన మట్టి. అసలు పద్ధతిలో పేడ కూడా కలపాలి. ఆరోగ్య నిబంధనలు ఒప్పుకోవు. బాదం పలుకులతో చేసే మార్చ్‌పేన్ మిఠాయినీ ఎలర్జీల భయంతో అలాగే మానేశాం. ఓ శనివారం కుటుంబాల కార్యక్రమానికి మనవడి వెంట ఒక పెద్దావిడ వచ్చారు. తెనాలి దగ్గర పల్లె. కాసేపు చూసి, కొంగు దోపి, మట్టి ముద్ద అరచేతిలో వేసి నలిపారు.

"ఇందులో పేడ ఏదమ్మాయ్?"

"వేయనివ్వరు పిన్నిగారూ."

"అయితే ఎండాక బీటలు తీస్తుంది. అద్దుతారేంట్రా, అలా నిలవదు. విసిరికొట్టాలి!" అని మనవడికి చూపిస్తూ టపామని కొట్టారు. ఆనక బెత్తాల సందుల్లోకి అరచేతి మొదలుతో కుక్కారు. పిల్లలందరూ ఆవిడ చుట్టూ చేరారు. ఆ రోజు ఆ బల్ల ఆవిడకే వదిలేశాను. వారానికి ఆ గోడ నిజంగానే బీటలు తీసింది.

పిల్లలు వెళ్లాక ముప్ఫై టోపీలు ఉతకాలి, దువ్వెనలు కడగాలి, నేల మీద మట్టి ఊడవాలి. స్కూళ్లు తెరిచి ఉన్న నెలల్లోనే పని, సెలవుల్లో జీతం పలచన. దీని మీద ఇల్లు కొనాలనుకునేవాళ్లకు ఈ ఉద్యోగం చెప్పను.

హైదరాబాద్ వచ్చినప్పుడల్లా మ్యూజియంలలో బడిపిల్లల వరసలు చూస్తుంటాను. అద్దాల ముందు నుంచి చకచకా నడిపించేస్తారు. తవ్వకాల్లో దొరికిన అసలు వస్తువులు అద్దాల వెనకే ఉండాలి, అందులో మాటే లేదు. నకళ్లు చేసిపెట్టడానికి మనకు కుమ్మరులున్నారు, వడ్రంగులున్నారు, మేదరులున్నారు. టీచర్లూ, ఈసారి టూరు వేసేముందు మ్యూజియం వాళ్లకో ఉత్తరం రాయండి. పిల్లలు చేత్తో పట్టుకుని చూడటానికి ఒక బల్ల, నాలుగు నకలు వస్తువులు, ఒక గంట టైము అడగండి.