పూలమ్మే పెద్దమ్మ రేడియో

పొద్దున్నే చిల్కూరు బాలాజీ గుడికి పోయిన. బయట పూలమ్మే పెద్దమ్మ బుట్ట పక్కన చిన్న రేడియో. ఏరియల్ విరిగిన కాడ రాగి తీగ చుట్టింది. వార్తలు వస్తున్నయి. ‘రోజూ వింటవా పెద్దమ్మా?’ అంటే, ‘వింట బిడ్డా, గని మనూరి ముచ్చట ఎన్నడు రాదు’ అన్నది.

వెంటనే జహీరాబాద్ దగ్గరి మాచనూర్ యాదికొచ్చింది. అక్కడి సంఘం రేడియో, 90.4 ఎఫ్‌ఎం, 2008 అక్టోబర్ 15న మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో పల్లె దళిత ఆడవాళ్లు నిలబెట్టిన స్టేషన్. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ మైకు ముందు కూసొని ఇంట్ల మాట్లాడే భాషలనే మాట్లాడిన్రు. విత్తనాలు, జొన్నలు, కొర్రలు, పసరు మందులు, పండుగ పాటలు, అన్నీ ఆ యాసలనే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995ల సుప్రీంకోర్టు తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంతే వచ్చి దాన్ని ప్రారంభించిండు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తది.

అసుంటి చిన్న స్టేషన్ల గొంతు చుట్టుపక్కల ఊర్లకే అందుతది. ఇక్కడిదాక రాదు. మనకు మనదే కావాలె. చేవెళ్లల టమాట ఎంత పలికింది, గండిపేటల నీళ్లు ఎంతున్నయి, మొయినాబాద్ రోడ్డు మీది మర్రిచెట్ల సంగతేంది, ఇయ్యాల ఏ ఊర్ల బోనాలు... రోజూ సాయంత్రం అర్ధగంట చాలు.

మొదటి రోజు బంతిపూల ధర పెద్దమ్మతోనే చెప్పించాలె.