నిర్వచనంలో మేమెక్కడ?

1993 జనవరి. బాబ్రీ మసీదు కూలి నెల దాటింది. యూనియన్ ఆఫీసని మేము పిలుచుకునే రేకుల గదిలో చాపలు పరిచి ఫాసిజం మీద క్లాసు పెట్టారు. మేము నలుగురం పోయాం. మాలో ఒకరిది సైకిల్ షాపు, ఒకరు టైలరు, ఒకరు బడిపంతులు, ఒకరు బీడీ కార్ఖానాలో గుమాస్తా. ఆ నెల రోజులూ మా గల్లీలో పొద్దుగూకితే దీపాలార్పేవాళ్లం. తలుపుల వెనక గడ్డపారలు అడ్డం పెట్టి, ఆడవాళ్లను లోపలి అర్రలో పడుకోబెట్టి, మేము గడప దగ్గర కూచుని తెల్లవార్లూ దగ్గుతూ ఉండేవాళ్లం. ఆ నిద్రకళ్లతోనే క్లాసుకు పోయాం. ఎందుకంటే పోవడానికి మాకు వేరే చోటు లేదు. మసీదు కమిటీ వాళ్లు మమ్మల్ని దీన్ తప్పినోళ్లని ఎప్పుడో పక్కన పెట్టారు.

క్లాసు చెప్పిన పెద్దాయన పేరు రాయం. మంచి మనిషి. ఎమర్జెన్సీలో జైలుకు పోయి వచ్చినవాడు. ప్రతి రంజాన్‌కీ మా నాలుగిళ్లల్లో షీర్ ఖుర్మా తాగినవాడు. బోర్డు మీద దిమిత్రోవ్ నిర్వచనం రాశాడు. 1935లో మాస్కోలో జరిగిన కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ ఏడో మహాసభలో చెప్పింది. పెట్టుబడి తన ముసుగు తీసేసి పచ్చి జులుంతో ఏలడమే ఫాసిజమని దాని సారం. మేమంతా రాసుకున్నాం. అప్పుడు మా టైలరు చెయ్యెత్తాడు.

"అన్నా, ఇండ్ల యూదులు యాడున్నరు?"

"అది ఫలితం తమ్ముడూ. మూలం కాదు."

"మొన్న మా గల్లీ మీదికొచ్చినోళ్లల్ల పెట్టుబడిదారుడు ఒక్కడు గూడ లేడు గదన్నా. అందరు నా దగ్గర పాంట్లు కుట్టిచ్చుకునే పోరగాళ్లే."

పెద్దాయన నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదు. దెబ్బ తిన్న పిల్లవాణ్ని చూసి నవ్వే నవ్వు. బాధలో ఉన్నవాళ్లకు విశ్లేషణ కష్టమన్నాడు. క్లాసు అయ్యాక ఒక ప్రకటన తీశాడు. మెజారిటీ, మైనారిటీ మతోన్మాదాలు రెండింటినీ సమానంగా ఖండిస్తున్నామని ఉంది. మీ సంతకాలు ముందుంటే దానికి బరువొస్తుందన్నాడు. కాలిన దుకాణం మాది. ఖండించాల్సిందీ మేమే. అయినా నలుగురం సంతకాలు పెట్టాం.

ఇది రాయడానికి మాకు ముప్ఫై ఏళ్లు పట్టింది. భయం వల్ల కాదు. రాస్తే ఎవరి చేతికి కర్ర అందుతుందో తెలుసు గనక. ఫాసిస్టులూ కమ్యూనిస్టులూ ఒకే తాను ముక్కలని, హిట్లర్ పార్టీ పేరులోనే సోషలిజం ఉందని, ముసోలినీ అసలు సోషలిస్టేనని చెప్పే వాట్సప్ మెసేజీ ఈ మధ్య మా ఫోన్లకూ వస్తోంది. పంపేదెవరు? దుకాణం కాల్చినవాళ్ల బంధువులే. అందుకని ముందు వాళ్లతో తేల్చుకుంటాం.

ముసోలినీ సోషలిస్టు పత్రిక 'అవంతి'కి 1912 నుంచి సంపాదకుడు. నిజమే. 1914లో యుద్ధాన్ని నెత్తికెత్తుకున్నందుకు సోషలిస్టులు అతన్ని వెళ్లగొట్టారు. అదీ నిజమే, కానీ మెసేజీలో ఉండదు. 1920 తర్వాత అతని నల్లచొక్కాల వాళ్లు పో నది మైదానంలో తిరిగి తగలబెట్టింది కార్మిక సంఘాల ఆఫీసుల్ని, కూలీ సంఘాల్ని. గ్రాంసీని 1926లో జైల్లో వేసింది అతనే. జర్మనీలో 1933 మార్చిలో డాకౌ క్యాంపు తెరిచినప్పుడు మొదట అందులోకి తోసింది కమ్యూనిస్టుల్ని, సోషలిస్టుల్ని. పేరును బట్టి మనిషిని పోల్చుకునేటట్టయితే మా గల్లీలో అమీర్ అనే పేరుగలవాళ్లు ముగ్గురున్నారు. ముగ్గురూ రిక్షా తొక్కేవాళ్లే.

ఇంకో సంగతి. 1931 మార్చిలో రోమ్‌కు పోయి ముసోలినీని కలిసి, అక్కడి పిల్లల కవాతు సంఘాల్ని చూసి మురిసి వచ్చింది డాక్టర్ మూంజే. హెడ్గేవార్‌కు పెద్దదిక్కు ఆయన. యూదుల మీద జర్మనీ చేసిన పనిని హిందుస్థానం నేర్చుకోవలసిన పాఠంగా గోల్వల్కర్ పుస్తకంలో అచ్చువేసింది 1939లో. బంధుత్వాలు వెతికే వాళ్లు మొదట తమ ఇంటి పెట్టె తెరవాలి.

తేల్చుకున్నాం. ఇక మా ఇంటి పెట్టె.

అవును, మా ఇల్లే. ఈ దేశంలో ఎర్రజెండా పుట్టినప్పుడు మా వాళ్లు బయటి నుంచి వచ్చిన చుట్టాలు కారు. ఖిలాఫత్ కోసం ఇల్లూ వాకిలీ వదిలి కాబూల్ కొండలు దాటి నడిచిపోయిన ముహాజిర్లలో కొందరు తాష్కెంట్ చేరారు. 1920 అక్టోబర్‌లో అక్కడ భారత కమ్యూనిస్టు పార్టీ పెట్టినప్పుడు దానికి కార్యదర్శి మహమ్మద్ షఫీక్. 1925 కాన్పూర్ సభకు ఆహ్వాన సంఘం అధ్యక్షుడు మౌలానా హస్రత్ మొహానీ. మా హైదరాబాద్‌లో మఖ్దూం. విసునూరు దొర మీద కోర్టుకెక్కి ప్రాణమిచ్చిన షేక్ బందగీ. ఆ బందగీ కథ నుంచే 'మాభూమి' నాటకం వచ్చింది. మా నలుగురిలో ఇద్దరం ఆ నాటకంలో వేషాలేశాం. మమ్మల్ని ఎవరూ పిలవకముందే మేము ఆ ఇంట్లో ఉన్నాం. అందుకే సంతకం అడిగినప్పుడు అంత నొచ్చుకున్నాం. పరాయివాడు అడిగితే ఆ నొప్పి వేరు.

క్లాసుల్లో మాకు ఎన్నడూ చెప్పని ఒక పేరు మా పంతులు ఎక్కడో చదివి తెచ్చాడు. మీర్‌సయీద్ సుల్తాన్ గలియేవ్. తాతార్ ముస్లిం. బడిపంతులు కొడుకు, తనూ పంతులే. అందుకే మా పంతులుకు అంత ఇష్టం. 1917లో బోల్షెవిక్ అయ్యాడు. ఆ డిసెంబర్‌లో లెనిన్, స్టాలిన్ ఇద్దరి సంతకాలతో రష్యా, తూర్పు దేశాల ముస్లిం శ్రామికులకు విజ్ఞప్తి వెలువడింది. జారు మీ మసీదుల్ని కూల్చాడు, ఇకమీదట మీ నమ్మకాల జోలికి ఎవరూ రారు అన్నారు. జారు సైన్యం సమర్‌ఖండ్ నుంచి ఎత్తుకుపోయిన ప్రాచీన ఖురాన్ ప్రతిని తిరిగి ముస్లింలకు అప్పగించారు కూడా. ఇది చదివి మేము ఏడ్చినంత పని చేశాం. ఆ మాట నమ్మి ఎంతమంది వచ్చారో ఎర్రసైన్యంలోకి!

గలియేవ్ జాతుల వ్యవహారాల శాఖలో స్టాలిన్ కిందే పెద్ద హోదాలో పనిచేశాడు. ఆయన అన్నది ఏమిటంటే, ముస్లిం జాతులన్నీ దాదాపుగా వలసదొరల కాళ్ల కింద నలిగినవే, కనుక ఆ జాతులకు జాతులే శ్రామికులు. మాకంటూ ఒక నిర్మాణం ఉండాలి. మతం జోలికి పోయేటప్పుడు చెయ్యి మెత్తగా ఉండాలి, లేకపోతే మావాళ్లకు జారు పాదిరీలే గుర్తొస్తారు. ఇంతే. 1923లో అరెస్టు. పార్టీలో అంత పెద్దవాణ్ని అట్లా పట్టుకోవడం దాదాపు అదే మొదలు. శత్రువులతో చాటుమాటు ఉత్తరాలన్నారు, జాతీయవాదమన్నారు. వదిలారు, 1928లో మళ్లీ పట్టారు, మళ్లీ వదిలారు, 1937లో మళ్లీ పట్టారు. 1940 జనవరి 28న కాల్చేశారు. తప్పు లేదని తేల్చింది 1990లో. ఆయన పేరు మీద ఒక నేరమే పుట్టింది, సుల్తాన్‌గలియేవిజం అని. ఎవరు నోరు తెరిచినా ఆ ముద్ర.

ముద్రల సంగతి మాకు బాగా తెలుసు. పెటీ బూర్జువా, మత అవశేషం, అస్తిత్వవాది. మా టైలరు ఆ ప్రశ్న వేశాక అతనికి మూడూ వచ్చాయి. జర్మనీలో హిట్లర్ గుమ్మం ముందుకొచ్చాక కూడా కమ్యూనిస్టులు పక్కనున్న సోషల్ డెమొక్రాట్లను 'సోషల్ ఫాసిస్టులు' అని తిడుతూ కూచున్నారు. పేరు పెట్టడమే పోరాటం అనుకునే జబ్బు. 1939 ఆగస్టు 23న హిట్లర్‌తో ఒప్పందం కుదిరాక, పారిపోయి రష్యాలో తలదాచుకున్న జర్మన్ కమ్యూనిస్టుల్లో కొందర్ని స్టాలిన్ పోలీసులే సరిహద్దు వంతెన మీద గెస్టపోకు అప్పగించారు. మార్గరెటే బూబర్ నాయ్‌మన్ అట్లా కజకిస్తాన్ క్యాంపు నుంచి నాజీ క్యాంపుకు చేరి, బతికి బయటపడి రాసింది.

1944 మే 18 తెల్లవారుజామున క్రిమియాలో తాతార్ల తలుపులు కొట్టారు. మూడు రోజుల్లో దాదాపు 1,90,000 మందిని గూడ్సు పెట్టెల్లో కుక్కి ఎక్కువమందిని ఉజ్బెకిస్తాన్‌కు తోలారు. జర్మన్లకు సాయపడ్డ జాతి అట. సాయపడ్డవాళ్లున్నారు, లేరనం. కానీ అప్పటికి ఎర్రసైన్యంలో పోరాడుతున్న తాతార్ల సంగతి? వాళ్లనూ బట్టలూడదీసినట్టు యూనిఫాం విప్పించి అక్కడికే పంపారు. ఆ తర్వాత ఊళ్ల పేర్లు మార్చారు. దీనికి మూడు నెలల ముందే, ఫిబ్రవరి 23న, చెచెన్లనూ ఇంగుష్‌లనూ కలిపి దాదాపు అయిదు లక్షల మందిని ఇట్లాగే. జాతి మొత్తాన్నీ ద్రోహి అనడం, ఊరి పేరు మార్చడం, మనం ఎక్కడ విన్నాం?

అయితే ఆ రెండూ ఒకటేనా? కాదు. ఆష్విట్జ్ తలుపులు తెరిచింది ఎర్రసైన్యమే. మేము చెప్పదలిచింది ఒకటే కాదని. కానీ చుట్టరికం ఉంది. నేనే మొత్తం అన్నవాడు, ఆ మొత్తం పేరు జాతి అయినా వర్గమైనా, చిన్నవాణ్ని చూసి అడిగేది ఒక్కటే: నువ్వు నాలో కరుగుతావా, నాకు ఎదురుంటావా? ఒకడు కరిగినా వదలడు. ఇంకొకడు కరిగితే చేరదీస్తాడు. తేడా చిన్నదేం కాదు, ప్రాణం దక్కే తేడా. మేము ఇన్నేళ్లు రెండోవాడి పక్కన నిలబడింది అందుకే.

ఇప్పటి అభ్యుదయవాదుల విషయానికి వస్తే వాళ్ల చేతిలో గూడ్సు బండ్లు లేవు. ఒక ఫారం ఉంది, అంతే. ఎక్కడ బాంబు పేలినా ముందు మేము పూరించి ఇవ్వాలి. ఉర్దూ గజల్ బాగుంటుంది, నమాజు వెనకబాటు. బిర్యానీ లౌకికం, బుర్ఖా మతోన్మాదం. 2022లో కర్ణాటకలో హిజాబ్ వేసుకున్న పిల్లల్ని కాలేజీ గేటు దగ్గర ఆపినప్పుడు మాకు తెలిసిన కొందరు పెద్దలు రెండు మాటలన్నారు. ఆపడం తప్పు, కానీ ఆ పిల్లలు కూడా ఆలోచించుకోవాలి అని. ఆ 'కానీ' మాకు పాత పరిచయం. 1948 గురించీ అంతే. రజాకార్ల దుర్మార్గం మేము మా నోటితోనే చెప్తాం, షోయబుల్లా ఖాన్‌ను చంపింది వాళ్లే. కానీ పోలీసు చర్య తర్వాత 27 నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసిన సుందర్‌లాల్ కమిటీ మాట మా క్లాసుల్లో ఒక్కసారీ రాలేదు. ఆ నివేదిక జనం కంటబడింది 2013లో.

ఇంత రాసి ఇక్కడ ఆపితే మేమూ అబద్ధమాడినట్టే. 1927 మార్చి 8న ఉజ్బెకిస్తాన్‌లో పరంజాలు కుప్పలు పోసి తగలబెట్టించారు. పైనుంచి వచ్చిన హుకుం అది. మేము ఆ హుకుంను తిడుతూ ఒక రాత్రి మాట్లాడుకుంటుంటే, చాయ్ ఇవ్వడానికి వచ్చిన టైలరు చెల్లెలు నిలబడి అడిగింది. ముసుగు తీసిన ఆడవాళ్లను తర్వాత ఎవరు చంపిండ్రు భాయ్, స్టాలినా? కాదు. చాలామందిని చంపింది అన్నలు, మొగుళ్లు, ఊరి జనం. ఆ పుస్తకం ఆమే మాకంటే ముందు చదివింది. షాబానోకు 1985లో కోర్టు ఇచ్చిన భరణాన్ని మరుసటేడు చట్టం తెచ్చి తీసేయించిందీ మన పెద్దలే గదా, మీ ప్రకటనల్ల మేమెక్కడ అంది. టైలరు అడిగిన ప్రశ్నే. మేము అప్పుడు నవ్వాం. పెద్దాయన నవ్విన నవ్వే. అది గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తలేం.

1994 ఏప్రిల్‌లో, మే డే ముందు, జెండాల గుడ్డ తీసుకుని టైలరు ఇంటికి పోయాం. మా యూనియన్ జెండాలన్నీ వాళ్ల అమ్మీ కుట్టేది, ఉత్తపుణ్యానికే. మిషన్ ముందు కూచుని పంతులు చెప్పే తాతార్ల కథ వింది.

"ఆ తాతారోళ్లు మళ్ల ఇండ్లకు వోయిండ్రా బేటా?"

"పోయిండ్రు అమ్మీ. నలభై నలభై అయిదేండ్లకు."

"ఇండ్లల్ల ఎవరున్నరు?"

"వేరేటోళ్లున్నరు. ఊరి బయట ఖాళీ జాగల్ల గుడిసెలేసుకుండ్రు."

"వాండ్లను ఎల్లగొట్టింది ఈ జెండావోళ్లేనా?"

ఎవరం మాట్లాడలేదు. పంతులు, "ఈ జెండావోళ్లే" అన్నాడు. అమ్మీ గుడ్డ మడిచి పక్కన పెట్టి, అన్నం తిని పొమ్మంది. మూడో రోజు పోతే జెండాలు కుట్టి సిద్ధంగా ఉన్నాయి. కుట్టుకూలి మాత్రం ఈసారి అడిగి తీసుకుంది.