బండి అరుస్తోంది, కదలదేం?

మిక్సీ గొంతు కాస్త మారినా, కుక్కరు విజిలు ఒక్క క్షణం ఆలస్యమైనా ఇంట్లో ముందు తెలిసేది మనకే కదా! మరి స్కూటరు గొంతు మారితే మాత్రం మనకేం తెలుసు అంటారు. నేనూ మొన్నటిదాకా అలాగే అనుకున్నాను.

మాది విజయనగరం. నాకు నలభై అయిదు నిండాయి. ఇంటర్ బైపీసీతో చదువు ఆపేశాను, ఆ తర్వాత అంతా వంటిల్లే. స్కూటరు నేర్చుకున్నది ముప్ఫై ఎనిమిదో ఏట. అయోధ్య మైదానంలో మా అబ్బాయి వెనకాల పట్టుకుని పరుగెడుతుంటే రెండుసార్లు పడి, మోకాలు చెక్కుకుపోయి, అయినా వదల్లేదు. సరదాకి నేర్చుకున్నది కాదు లెండి. నాన్న పోయాక అమ్మ గరివిడి దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటోంది. సుగరు, చూపు మందం. మా ఇంటినుంచి 25 కిలోమీటర్ల పైమాటే. బస్సెక్కి, దిగి, అక్కడ ఆటో నిండేదాకా నిలబడి వెళ్లి రావాలంటే రోజంతా పోతుంది. అదే బండి మీదైతే మంగళవారం, శుక్రవారం పొద్దున్నే ఇంత పప్పుచారు, ఆవపెట్టిన కూర, మందులూ పట్టుకుని వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేస్తాను.

పోయిన కార్తీకంలో ఒక శుక్రవారం. నెల్లిమర్ల దాటుతున్నాను. వెనక లారీ హారను కొడుతోంది. తప్పుకుందామని పిడి గట్టిగా తిప్పాను. బండి ఒక్కసారి పూనకం వచ్చినట్టు అరిచింది. అరుపైతే అరుపే గాని ముందుకు కదలదే! ముల్లు 42 దగ్గర నిలబడిపోయింది. ఇంకా తిప్పాను. మోత పెరిగింది గాని ముల్లు కదల్లేదు. అదే రోడ్డు మీద అదివరకు సగం తిప్పితే యాభై దాటేది. ఆ లారీ నా పక్కనుంచి దుమ్ము రేపుకుంటూ పోయింది. పదిమందిని కుక్కుకున్న ఆటో కూడా నన్ను దాటేసింది. చంపావతి వంతెన మీదికొచ్చేసరికి చేతులు వణికాయి. మళ్లీ వెనక లారీ వస్తే ఎటు తప్పుకోవాలి?

స్పీడు మోజు నాకు లేదు, యాభై దాటితే నాకే భయం. కానీ కావాలనుకున్నప్పుడు బండి కదలకపోతే రోడ్డు మీద మనం అడ్డంపడ్డ రాయితో సమానం.

మొదట పెట్రోలు కల్తీ అనుకున్నాను. బంకు మార్చాను. తర్వాత ప్లగ్గు మార్పించాను, గాలి ఫిల్టరు దులిపించాను. ఏం లాభం లేదు. పైగా లీటరుకి నలభై అయిదు వచ్చేది ముప్ఫై ఆరుకి పడిపోయింది. మా వీధి చివర మెకానిక్ బండిని స్టార్టు చేసి రెండుసార్లు మోత పెట్టి, "ఇంజన్ పనైపోనాదమ్మా. బోరు కొట్టాలి, పిస్టన్ మార్చాలి. తొమ్మిది వేలవుద్ది" అన్నాడు. మూత ఒక్కటీ విప్పి చూడలేదు.

ఆ మాట ఇంట్లో చెప్పడమే నేను చేసిన తప్పు. మావారు పేపరు దించకుండానే, "బండికి వయసైపోయింది, నీకూ నలభై దాటాయి. పన్నెండు వేలకి అడుగుతున్నారు, ఇచ్చేద్దాం" అన్నారు. "మరి అమ్మో?" అన్నాను. "మీ తమ్ముడి దగ్గరికి పంపించెయ్" అన్నారు.

మా తమ్ముడు మంచివాడే. మరదలూ మంచిదే. వాళ్లుండేది విశాఖలో, గాజువాకలో మూడో అంతస్తు. లిఫ్టు లేదు. అమ్మ ఒకసారి నెల్లాళ్లుండి వచ్చి, "ఆ గూట్లో నన్నెట్టకండర్రా, నా పెరడు నాకుండనివ్వండి" అని ఏడ్చింది. చూపు మందగించినా తన ఇంట్లో గడపెక్కడుందో, నుయ్యెక్కడుందో ఆమె కాళ్లకి తెలుసు. అంటే ఈ బండి పోతే నా తిరుగుడు ఒక్కటే కాదు, అమ్మ ఇల్లు కూడా పోయేటట్టుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్ముతారా?

మంగళవారం బండి తియ్యకుండా బస్సులో వెళ్లాను. ఆలస్యంగా వచ్చానని అమ్మ అడిగితే, "బండి మొరాయించిందే అమ్మా, అరుస్తోంది గాని కదలదు" అన్నాను.

అమ్మ మజ్జిగ తిరగబోస్తూ అలవోకగా అంది కదా, "అరిసినాది గాని కదలదంటే బెల్టు జారతన్నాదే పిల్లా! మీ నాన్న మిల్లులో ఎన్నిసార్లనీవోడు కాదు!"

మా నాన్న చీపురుపల్లి వైపు రైసుమిల్లులో పని చేసేవారు. నాకు బాగా గుర్తు. మోటారు నుంచి మర దాకా అరచెయ్యంత వెడల్పు బెల్టు ఉండేది. ఒక్కోసారి మోటారు గిర్రున తిరిగేది, మర మాత్రం మందగించేది. నాన్న గుగ్గిలం పొడి తెచ్చి బెల్టు మీద చల్లేవారు. పట్టు దొరికి మర మళ్లీ ఆడేది. ఇంకా అరిగిపోతే కొత్త బెల్టే.

నా బండికి బెల్టుంటుందా? నాకు తెలీదు! ఏడేళ్లుగా తొక్కుతున్నాను, దాని పొట్టలో ఏముందో తెలీదు. ఇంటికొచ్చి బీరువాలో చీరల కింద వేసిన కాగితాల్లోంచి బండితో ఇచ్చిన పుస్తకం తీశాను. ఉంది. బెల్టు మార్చాల్సిన కిలోమీటర్లు 24,000 అని అచ్చువేసి ఉంది. బయటికెళ్లి మీటరు చూశాను. 31 వేలు దాటింది. బెల్టు అన్న మాట ఇన్నేళ్లలో ఏ సర్వీసులోనూ ఎవరూ నాతో అనలేదు. నేనూ అడగలేదు.

అప్పుడు తోచింది మా వెట్ గ్రైండరు సంగతి. సంక్రాంతికి అరిసెల పిండి పక్కన పెట్టి గారెల పప్పు వేస్తే మోటారు హోరున తిరిగేది, రాయి మాత్రం కదిలేది కాదు. మోటారు పాడైందని ఎవరం అనుకోలేదే! బెల్టు వదులైందన్నాం, మార్చాం. స్కూటరు విషయంలో మాత్రం మెకానిక్ మాటకి వెంటనే తలూపేశాను. ఆలోచిస్తే ఇంజనే నీరసించి ఉంటే దాని గొంతూ నీరసంగానే ఉండాలి కదా. జ్వరం వచ్చిన పిల్లాడు వీధంతా వినబడేలా అరవడు. నా బండి పొద్దున్నే ఒక్క నొక్కుకి స్టార్టవుతోంది. పొగ లేదు. ఆయిలు పుల్ల తీసి చూస్తే ఆయిలూ తగ్గలేదు. బలం పుడుతోంది, చక్రం దాకా చేరటం లేదు.

అయినా ఒకటి రెండు చూసుకున్నాను. మీరూ చూసుకోవచ్చు, పానా అక్కర్లేదు. బండిని పెద్ద స్టాండు వేసి, తాళం తీసేసి, వెనక చక్రం చేత్తో తిప్పాను. బ్రేకు బిగిసిపోయి చక్రాన్ని పట్టుకుంటున్నా బండి ఇలాగే మూలుగుతుందట. నా చక్రం తేలిగ్గా తిరిగింది. రెండు టైర్లలో గాలి పట్టించాను. మర్నాడు పొద్దున్నే అదే రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు మళ్లీ చూశాను. అదే మోత, అదే 42. పైగా ఆపాక వెనక చక్రం వైపునుంచి కాలిన రబ్బరు వాసన సన్నగా తగిలింది. నా ముక్కు ఇంగువ పాతదో కొత్తదో డబ్బా మూత తియ్యకుండా చెబుతుంది, ఆ వాసన ఎందుకు పట్టదు!

ఈసారి నెల్లిమర్ల రోడ్డులో ఒక పెద్దాయన షెడ్డుకి వెళ్లాను. "బాబూ, ఇంజను తర్వాత చూద్దురు గాని, ముందు బెల్టు మూత విప్పండి. డబ్బులిస్తాను" అన్నాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, "ఎవలు సెప్పినారమ్మా నీకు?" అన్నారు. "మా అమ్మ" అన్నాను. నవ్వేసి పీట వేసి కూచోమన్నారు.

ఎడమ పక్క మూత విప్పగానే లోపలంతా నల్లటి పొడి. అరిగిన రబ్బరే అది. బెల్టు తీసి కొలిచారు. నాకు ఆ కొలతలు అర్థం కావని గ్రహించి, కొత్త బెల్టు పక్కన పెట్టి చూపించారు. పాతది స్పష్టంగా సన్నం. లోపలి పళ్ల మధ్య పగుళ్లు కూడా కనిపించాయి. ఇంకొన్నాళ్లు తిప్పితే నడిరోడ్డు మీద తెగి ఉండేదట.

గేర్లు లేని బండిలో గేరు ఎలా మారుతుందో ఆయన చెబితే అప్పుడు తెలిసింది. ముందున్న పుల్లీ రెండు పళ్లేలు ఎదురెదురుగా నిలబెట్టినట్టుంటుంది, అంచుల దగ్గర సందెక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువ. బెల్టు వాటి మధ్య కూచుంటుంది. ఇంజను వేగం పెరిగేకొద్దీ వెనకున్న చిన్న రోలర్లు బయటికి జరిగి ఒక పళ్లేన్ని రెండోదాని మీదికి నెడతాయి. సందు తగ్గేసరికి బెల్టు అంచు వైపు పైకెక్కుతుంది. అదే సమయంలో వెనక పుల్లీలో కిందికి దిగుతుంది. టాపు గేరు పడటమంటే అదే. బెల్టు సన్నబడితే పళ్లేలు పూర్తిగా మూసుకున్నా అది పైదాకా ఎక్కలేదు, లోపలే దిగబడి ఉంటుంది. మావారి పాత చేతక్ మీద రెండో గేరులోనే ఊరంతా తిరిగినట్టన్నమాట. ఇంజను గొంతు చించుకుంటుంది, బండి మాత్రం నడుస్తుంది.

రోలర్లు ఆరు. గుండ్రంగా ఉండాల్సినవి ఒక పక్క చదునుగా అరిగిపోయాయి. చదునైనవి దొర్లవు, పైగా అరిగి బరువు తగ్గాయి, పళ్లేన్ని గట్టిగా నెట్టలేవు. బెల్టొక్కటే మార్చి ఇవి వదిలేస్తే పని సగమే అన్నారు. వెనక క్లచ్చు షూలు బాగానే ఉన్నాయి, గరుకు కాగితంతో రుద్ది పెట్టారు. నేను నా తెలివికొద్దీ, "మిల్లులో గుగ్గిలం వేసేవాళ్లు బాబూ, దీనికి వెయ్యరా?" అన్నాను. ఆయన రెండు చేతులూ ఊపేశారు. ఈ బెల్టు మీద పొడీ వెయ్యకూడదు, గ్రీజు చుక్కా పడకూడదట. పుల్లీలు గుడ్డతో పొడిగా తుడిచి కొత్తది ఎక్కించారు. బెల్టు, రోలర్లు, మజూరీ కలిపి రూ.1,450. తొమ్మిది వేలు ఎక్కడ, ఇదెక్కడ!

మా అబ్బాయి డిప్లొమా చదివాడు, ఈ కథంతా విని కొత్త సంగతి చెప్పాడు. ఈ బెల్టు పద్ధతి 1958లోనే హాలెండులో డాఫ్ అనే కంపెనీ కారుకి పెట్టిందట. మన దేశంలో 1984లో కైనెటిక్ హోండాతో గేర్లు లేని స్కూటరు వచ్చింది, 2001లో యాక్టివా వచ్చాక ఆడవాళ్ల చేతుల్లో బళ్లు బాగా పెరిగాయి. "ఇన్ని తెలిసినవాడివి బెల్టు సంగతి ముందే చెప్పకపోయావేరా?" అంటే నాలుక కరుచుకున్నాడు.

షెడ్డు నుంచి బయల్దేరి అదే రోడ్డెక్కాను. పిడి సగం తిప్పానో లేదో ముల్లు యాభై దాటింది. మోత లేదు. లారీ వస్తే ఎడమకి జరిగి దారిచ్చి మళ్లీ అందుకున్నాను. వారం తిరిగాక లెక్క చూస్తే లీటరుకి నలభై నాలుగు.

ఇంటికొచ్చాక మావారితో బండి అమ్మడం లేదని చెప్పాను. బిల్లు చూసి ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న మాత్రం, "నా బండి కూడా ఈ మధ్య లాగటం లేదు, ఒకసారి విని చెప్తావా?" అన్నారు. ఆయనది గేర్ల మోటారు సైకిలు, దానికి ఈ బెల్టుండదు. క్లచ్చు వైరు బొత్తిగా సందు లేకుండా బిగించేసి ఉంది. అలా ఉన్నా క్లచ్చు జారి ఇంజను ఇలాగే అరుస్తుందని పెద్దాయన చెప్పిన మాట గుర్తుంది గనక వైరు వదులు చేయించమన్నాను. చేయించాక కొంచెం నయమైంది. క్లచ్చు ప్లేట్లు కూడా చూపించమంటే వచ్చే నెలన్నారు. వచ్చే నెల అంటే మీకు తెలుసుగా!

పాత బెల్టు అడిగి తెచ్చుకుని శుక్రవారం అమ్మకి చూపించాను. వేళ్లతో తడిమి, "ఇంత సన్నమేటే! దీన్ని నమ్ముకునేనా ఇన్నాళ్లూ ఈ లారీల మధ్యన వొచ్చీదానివి?" అంది. అవునన్నాను. బెల్టు పక్కన పెట్టి, మంగళవారం బెండకాయలు తేవద్దంది. పెరట్లో కాశాయట.